ఫోన్ కట్టయ్యాక

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తే ఆమెకు రెండు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. మొన్న ఉదయం ఒకావిడ ఫోన్ చేసి, భర్త కుప్పకూలిపోయాడని ఏడ్చింది. గుండె మీద ఎలా నొక్కాలో చెబుతూ, ఈమె ఆవిడతో పాటు తొమ్మిది నిమిషాలు అంకెలు లెక్కపెట్టింది. అంబులెన్స్ చేరగానే ఫోన్ కట్టయింది. తర్వాత ఏమైందో చెప్పే పద్ధతి అక్కడ లేదు.

ఇంట్లో కూతురికి జడ వేస్తూ కూడా చిన్నగా గొణుగుతూ లెక్కపెడుతూనే ఉంది.

"జడ వేస్తున్నావా, లెక్కలు చేస్తున్నావా అమ్మా?" అని పిల్ల నవ్వింది.

మూడో రోజు ఫోన్ మోగుతుంటే ఆమె చెయ్యి ముందుకు పోలేదు. పక్క సీట్లో కూర్చునే సీనియర్‌ని అందరూ పెద్దక్క అంటారు. ఆ కాల్ పెద్దక్కే తీసుకుంది. తర్వాత ఆమెను వరండాలోకి నడిపించింది.

"ఏమైందే?"

"ఆయన బతికాడో లేదో తెలియట్లేదక్కా. కంటి మీద కునుకు లేదు."

పెద్దక్క ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. "పోయాడటమ్మా," అంది దాచకుండా.

ఆమె గోడకు చేరగిలబడింది. "నేనే సరిగ్గా చెప్పలేదేమో."

"ఆ కాల్ రికార్డింగ్ విందాం పద. తప్పుంటే తప్పనే చెప్తాను."

ఇద్దరూ తొమ్మిది నిమిషాలూ విన్నారు. తప్పెక్కడా లేదు. ఆమె అప్పుడు ఏడ్చింది.

పెద్దక్క సూపర్‌వైజర్ దగ్గర ఆమెకు సెలవు రాయించి, "ఇకమీదట ఏ కాల్ ఏమైందో మాకు చెప్పాలి సార్," అని గట్టిగా అడిగింది. ఆయన చూద్దామన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లో చాలాసేపు అటూ ఇటూ దొర్లింది. చివరికి నిద్రపోయింది.