సత్తు గిన్నెలో బచ్చలి

పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు పెరట్లో మొక్కలకి పోయడం తాయారు పని. రాజాం పక్క పల్లెలో ఆ ఇంట్లో పాత సామాను పారేసేవారు కాదు. కిరసనాయిలు డబ్బాలో వంగ, మూతి పగిలిన కుండలో మిరప, మొగుడు గంగులు అన్నం తిన్న చిల్లుల సత్తు గిన్నెలో బచ్చలి. పాత్ర ఎవరిదైతే మొక్క వాళ్లున్న దిక్కుకి వాలేది. పోయినవాళ్లదైతే నేలకి వంగేది. మామగారి చెంబులో తోటకూర ఏనాడూ తలెత్తలేదు. లేతగా ఉండగానే కోసి వండుకునేవారు.

నాలుగేళ్ల కిందట గంగులు కలకత్తా జూట్ మిల్లుకి పోతే బచ్చలి ఈశాన్యానికి పాకింది. రెండేళ్లకి నైరుతికి తిరిగింది.

“రైలు ఇటేపు దిగినాడు, ఇంటికొస్తాడు,” అంది అత్త జగ్గమ్మ. రాలేదు.

ఈ వానల్లో కార్డొచ్చింది, గంగులు కలరాతో పోయాడని. పదోరోజు గాజులు తీయడానికొచ్చిన ఆడవాళ్లకి తాయారు గిన్నె చూపించింది. తీగ నేలకి వంగలేదు.

“ఎల్లు తాయారూ, ఆణ్ని తీసుకురా,” అంది జగ్గమ్మ.

గిన్నె ఒళ్లో పెట్టుకుని తాయారు బస్సెక్కింది. తీగ కొత్తవలస దాకా చూపించి, కొత్త రైలుదారి పక్కన కూలీల పాకలవైపు మళ్లింది. ఒక గుమ్మంలో గంగులు చంటిపిల్లకి గంజి తాగిస్తున్నాడు. లోపల ఎవరో ఆడమనిషి దగ్గుతోంది.

“కార్డు నువ్వే రాయించినావా బావా?”

“నానే. సచ్చిపోనాననుకుంటే మారుమనువు సేసుకుంటావని.”

“అత్త పది రోజులై మెతుకు ముట్టలేదు.”

గంగులు తాగించడం ఆపేశాడు. పిల్ల గంజి కోసం ఏడ్చింది. తాయారు గిన్నె అతని పక్కన పెట్టి వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి జగ్గమ్మ వీధరుగు మీదే ఉంది.

“ఏటైనాదే?”

“లేడత్తా. తీగ దారిలోనే నేలకి వంగిపోనాది.”

జగ్గమ్మ గిన్నె లేని కోడలి చేతులకేసి చూసింది.

“పిల్లలా?”

తాయారు అత్త పక్కన కూర్చుంది. “ఒక పాప,” అంది.

జగ్గమ్మ లేచి, ఆడవాళ్లని పిలిచింది. కోడలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని ఒక్కొక్క గాజూ తనే చిట్లగొట్టింది.

“నా కొడుకు సచ్చిపోనాడు,” అంది అందరూ వినేలా.

మర్నాడు పిండం పెట్టించింది. కోతలయ్యాక భోగాపురం కూర్మయ్యకి తాయారుని తనే మనువిచ్చి పంపింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికెళ్లి ఒక్కదానికే అన్నం వార్చుకుంది.