మా ఇంటి దడ

"గుండెకేం లేదు. గుర్రంలా ఉంది" అని ప్రొద్దుటూరు డాక్టరు ఈసీజీ కాగితం చూపించగానే, మా ఆయన గురప్ప చెయ్యి అందరి ముందే పట్టేసుకున్నాను. పెళ్లయి నలభై రోజులు. అందులో నాలుగుసార్లు ఆయన చెమటలు కక్కి, ఊపిరాడక, "సచ్చిపోతాండా" అన్నాడు.

"ఉన్నట్టుండి భయం ముంచుకొచ్చే జబ్బు ఇది. మందుకు లొంగుతుంది. కొంత వంశంలో కూడా దిగుతుంది. ఇంట్లో ఇంకెవరికుందో కనుక్కోండి. మాత్రలు మాత్రం మానొద్దు" అని డాక్టరు మందుల చీటీ రాసిచ్చాడు.

ఆ సంతోషంలో ఒకే పొట్లంలో కారం బొరుగులు తింటూ పులివెందుల బస్సెక్కాం.

మా మామ యల్లయ్య ఊళ్లో పార్టీ మనిషి. ఇద్దరు కాపలా లేనిదే గడ్డం కూడా గీసుకోడు. సంగతి విని అదిరిపడ్డాడు.

"భయమా? మన వంశంలోనా? గుండెజబ్బయినా బాగుండు గదరా, అది మగోనికొచ్చే జబ్బు! ఎలక్షన్లు నెల్లో పెట్టుకోని, అవతలి పార్టీవోళ్లకు తెలిస్తే మొగం యాడ పెట్టుకోవాల? ఆ చీటీ పొయ్యిలో ఎయ్యి. ఇంగ మాత్రలూ ల్యా, ప్రొద్దుటూరూ ల్యా."

చీటీ పోతే మా ఆయనకు మళ్లీ ఆ చెమటలే. దాన్ని గుప్పిట్లో దాచుకుని, "వంశంలో వస్తాదన్నాడు మామా డాక్టరు" అన్నాను.

"అయితే అది జమ్మలమడుగు రక్తం. మీ అత్తనడుగు."

నాగులమ్మత్త చేతిలో చాట కింద పెట్టింది. "మా జమ్మలమడుగునంటావా? మీ నాయన సంగతి చెప్పాల్నా?"

మామ వాళ్ల నాయన, చిన్నసుబ్బయ్య తాతకు బాంబు వాసన ముందే తెలిసేదని ఊరంతా చెప్పుకుంటుంది. ఒకసారి పంచాయితీ మధ్యలో రొమ్ము పట్టుకుని లేచి పరుగెత్తాడట. కాసేపటికి ఆయన కూర్చున్న మంచం మీదే బాంబు పడిందట. అప్పట్నుంచి తాత లేస్తే వెనకే ముప్పై మంది లేచేవాళ్లు.

"అది వాసన గాదు, దడ" అంది అత్త. "వారానికి మూడుతూర్లు లేసి పరిగెత్తుతాండె. బాంబు పడింది ఒక్కతూరే. నువ్వేం తక్కువా? జీపు దోవలో నిలబెట్టి, రొమ్ము పట్టుకోని దిగి, 'ఆడెవురో ఉండారు' అని కంపచెట్ల చాటుకు పోతావు. ఇరవై ఏండ్లాయ, ఆడ ఒక్కడూ ల్యాకపాయె!"

కాపలా మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ వాళ్లను టీ తాగి రమ్మని పంపి, గొంతు తగ్గించాడు.

"అమ్మణ్ణీ, ఆ మాత్ర శానా చేదా?"

"ల్యా మామా. గోరంత. నీళ్లతో జారిపోతాది."

నా చేతిలోంచి చీటీ తీసుకుని, మడిచి, తన జేబులోనే పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే ముగ్గురం ప్రొద్దుటూరు పోతాండాం. ఎవురన్నా అడిగితే కోడలికి కమ్మలు కొనేదానికని చెప్పండి. నిజంగానే కొందాంలే, అబద్ధమెందుకు."