తెరలో పడని కుర్చీ

"పొద్దున వేసేది ఏ మాత్ర? తెల్లదా, గులాబీ రంగుదా?" ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి అడిగారు మా ఆయన. అటువైపు ఉన్నది వాళ్ళమ్మని చూసే డాక్టరు. నేను డబ్బాల్లో అన్నం సర్దుతూ, "తెల్లది, పరగడుపున. రెండ్రోజుల్నుంచి కాళ్ళు వాస్తున్నాయని కూడా చెప్పండి," అని గొణిగాను. ఆయన చెయ్యి తీసి, గొంతు సవరించుకుని, ఆ వాపు తనే కనిపెట్టినట్టు చెప్పారు. "నా కొడుక్కి నేనంటే ఎంత శ్రద్ధో!" అని మా అత్తగారు మురిసిపోయారు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. రెండూ దిగమింగి ఆఫీసుకి పరిగెత్తాను.

అసలే ఆ రోజు ఆఫీసులో నా మీద కొత్త పని ఒకటి ఉంది. మాది లిఫ్టుల కంపెనీ. ఎన్నో బ్రాంచీలు, వేలమంది ఉద్యోగులు. ఎవరికి ఏం తెలుసో పక్కవాడికి తెలియదు. అందుకని కొత్తగా ఒక ఏర్పాటు చేశారు. ఏం నేర్చుకోవాలో కంప్యూటర్లో కొడితే, అది బాగా తెలిసినవాళ్ళ పేరు వస్తుంది. వాళ్ళతో వీడియోలో కూర్చుని అడిగి నేర్చుకోవచ్చు. మా ఆఫీసులో దాన్ని నడిపించే పని నా నెత్తిన పెట్టారు. "నీకైతే ఓపిక ఎక్కువమ్మా," అన్నారు పెద్దసారు. మా పై అధికారిని అందరం అలాగే పిలుస్తాం. జీతం పెంచకుండా పని పెంచాల్సి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళ ఓపిక అందరికీ గుర్తొస్తుంది. నేనూ పెద్దసారులాగే ఇంజనీరుని. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని ఎలా దించాలని బ్రాంచీలవాళ్ళు అడిగితే జవాబు రాసేది నేను, తన పేరుతో పంపేది ఆయన. కంప్యూటరు పాత జవాబులు చూసి పేర్లు ఏరుతుంది కాబట్టి, ఆ పని కొడితే ఆయన పేరే మొదట వచ్చింది. నా పేరు కొడితే ఏముందో తెలుసా? గదుల బుకింగు, వీడ్కోలు సభల ఏర్పాట్లు. కంప్యూటర్ని తిట్టి ఏం లాభం? మనం చెప్పిందే అది నమ్మింది.

వేరే బ్రాంచిలో మెకానిక్కుగా కొత్తగా చేరిన ఒకమ్మాయి పెద్దసారు దగ్గర నేర్చుకుంటానని కోరింది. మర్నాటి నుంచి ఆమె ఒక్కతే డ్యూటీకి వెళ్ళాలి. "నువ్వు పక్కన కూర్చోమ్మా, తెరలో పడకుండా. నేను తడుముకుంటే టైపు చేసి చూపించు," అన్నారు ఆయన. చెడ్డమనిషేం కాదు. నా కూతురికి జ్వరమొస్తే అడక్కుండానే ఇంటికి పొమ్మంటారు. "నేనే చెప్తాను సార్" అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. భయం, ఇంకేముంది! ఒకసారి బంధువులతో కారులో వెళ్తుంటే, దారి ఇటు కాదండీ అన్నందుకు మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. "నలుగురిలో నన్ను వెధవని చేస్తావా?" అన్నారు. "నీకు తెలిస్తే మాత్రం, అందరి ముందూ చెప్పాలా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. ఆ రోజు ఊరంతా తిరిగి తిరిగి చేరాం. అప్పట్నుంచీ నాకు తెలిసింది ఇంకొకరి నోట చెప్పించడం అలవాటైపోయింది.

తెర మీద ఆ అమ్మాయి కనిపించింది. "సార్, లోపల జనం ఉండిపోతే ముందు ఏం చెయ్యాలి సార్?" అంది. నేను టైపు చేశాను: ముందు కరెంటు మెయిను ఆపాలి, తర్వాత అన్ని అంతస్తుల్లో తలుపులు మూసి ఉన్నాయో లేదో చూడాలి, అప్పుడే బ్రేకు చేత్తో వదలాలి. పెద్దసారుకి ఒక అలవాటుంది. చూసి చదువుతున్నట్టు కనపడకూడదని మాటలు అటూ ఇటూ మార్చి సొంతం చేసుకుంటారు. "చూడమ్మా, అసలు కిటుకంతా బ్రేకులోనే ఉంది. ముందు దాన్ని మెల్లమెల్లగా వదులు. తలుపులూ, మెయినూ కూడా చూసుకో తర్వాత," అన్నారు.

తలుపు తెరిచి ఉండగా బ్రేకు వదిలి లిఫ్టు కదిలితే, బయటికి కాలు పెట్టిన మనిషి మధ్యలో నలిగిపోతాడు. 'తప్పు సార్' అని టైపు చేశాను. ఆయన చూడలేదు. మళ్ళీ కొట్టాను. ఆయన చిరునవ్వుతో తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నారు. ఆ అమ్మాయి తల వంచుకుని, పైకి అనుకుంటూ రాసుకుంటోంది: "ముందు... బ్రేకు..." తర్వాత మెల్లగా ఫోను చేసి సరిదిద్దితే సరిపోదా? ఫోను ఎత్తకపోతే? పెద్దసారు చెప్పిందే నిజమనుకుంటే? ఇప్పుడు నోరు తెరిస్తే ఈయనకి తల కొట్టేసినట్టవుతుంది, రేపట్నుంచి నా మొహం చూస్తారా? ఆ అమ్మాయి రాయడం అయిపోయి పేజీ తిప్పబోయింది.

కుర్చీ జరుపుకుని తెరలోకి వచ్చాను.

"ఆగమ్మా! అది కొట్టెయ్. ముందు మెయిను. తర్వాత తలుపులు. బ్రేకు ఆఖర్న."

"అదే, అదే నేను చెప్పేది," అన్నారు పెద్దసారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఈవిడ మా... మా ఆఫీసులో..." అని, నేనేం చేస్తానో చెప్పలేక ఆగిపోయారు.

ఆ అమ్మాయి రాసింది కొట్టేసి, తలెత్తి నన్నే చూసింది. "మా బ్రాంచికి సారు పంపిన జవాబులన్నీ చదివాను మేడమ్. వాటిలోనూ అచ్చం ఇలాగే ఉంది. అవి రాసింది మీరా?"

పెద్దసారు నా వైపు చూశారు. కాదనమని అడుగుతున్నట్టున్నాయి ఆ కళ్ళు. నాకు ఆయన మీద జాలి కూడా వేసింది.

"నేనే," అన్నాను. "ఇకమీదట నన్నే అడుగు."