ఆక్సిజన్ పెట్టెలో ఎద్దుల బేరం

మా ఆయన చెవిలో కీచురాయి కాపురం పెట్టి ఏండ్లయింది. అది పొద్దస్తమానం అరుస్తుంది, దానికి పోటీగా నేనూ అరుస్తాను. దాని అరుపు ఆయనకు వినపడుతుంది, నాది వినపడదు. ఏం రాత రాశాడో ఆ దేవుడు!

మా ఆయన మద్దిలేటి అంటే ఒకప్పుడు పత్తికొండ, ఆలూరు సంతల్లో పేరున్న ఎద్దుల దళారి. చెవులు పోయాక, సంతలో ఎవరు నవ్వినా తనను చూసేనని అనుమానం. ఆ రోషంతో పని మానేసి నా పొయ్యి పక్కన చతికిలబడ్డాడు. కూరలో ఉప్పెంత వేయాలో కూడా ఆయనే చెబుతాడు. ఈయన మళ్ళీ సంతకు పోతే చాలు స్వామీ అని మొక్కని దేవుడు లేడు.

ఆక్సిజన్ పెట్టెలో కూర్చోబెడితే చెవులు వస్తాయని ఫోన్‌లో ఏదో వీడియో చూసి కర్నూలు ఆసుపత్రికి లాక్కొచ్చాను. "వినికిడి ఉన్నట్టుండి పోయిన కొత్తలో అయితే కొంత ఆశ ఉంటుందమ్మా. ఇంత పాతబడ్డాక కష్టం" అన్నాడు డాక్టరు. నేను వింటానా? "గాలేగదా సార్, పెట్టి చూడండి" అన్నాను.

అది పెద్ద ఇనుప పెట్టె. గుండ్రటి అద్దాల కిటికీలు. లోపల కూర్చోబెట్టి, ఒత్తిడి పెంచి, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తారు. తలకు నూనె ఉండకూడదు, బీడీ అగ్గిపెట్టె ఉండకూడదు, ఒంటిమీద నూలు బట్టే ఉండాలి. మా ఆయన అన్నీ విప్పాడు గానీ భుజం మీది టవాలు మాత్రం ఇవ్వలేదు. నూలుదే కాబట్టి పోనిచ్చారు.

ఆయనతోపాటు ఆలూరు హుస్సేన్ సాహెబ్ కూడా రోజూ ఆ పెట్టెలో కూర్చునేవాడు. ఆయనకు కాలి పుండు మానడం లేదు. ఒకరోజు బయట బల్ల మీద, "మద్దిలేటన్నా, మీ ఊరి నరసన్న ఎర్రెద్దుల కాడి నాకు నచ్చినాది. ఆయప్ప తరపున నువ్వే బేరం చెయ్యప్పా" అన్నాడు. నేను చెవి దగ్గర అరిచి చెప్పాను. మా ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"ఆ పని ఇడిసిపెట్టినానప్పా. చెవిటోని బేరం ఎవురు నమ్ముతారు?"



లోపలికి పోయిన కాసేపటికి పెట్టె చూసుకునే శ్రీవాణి కెవ్వుమంది. "అమ్మో, ఇద్దరికీ వేళ్ళు కొట్టుకుంటున్నాయి! ఫిట్సు!" ఆక్సిజన్ ఎక్కువైతే ఫిట్సు వస్తాయట, ముందు వేళ్ళు అదురుతాయట. మైకులో "చేతులు పైకెత్తండి" అని అరిచింది. మా ఆయనకు వినపడదు సరే, వినపడిన సాహెబూ ఎత్తలేదు. ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

నేను అద్దంలోంచి చూశాను. ఇద్దరి చేతుల మీదా ఆ టవాలు. కింద వేళ్ళు చకచకా ఆడుతున్నాయి.

"ఆగు తల్లీ! అది ఫిట్సు కాదు, ఎద్దుల బేరం. టవాలు కింద వేళ్ళు పట్టుకునే ధర చెప్పుకుంటారు. కుదిరేదాకా చెయ్యి తీయకూడదు. తీస్తే బేరం చెడినట్టే."

ఆమె నమ్మక మాస్కులు తీయించింది. ఎడమచేతులతో తీశారు ముండమోపి మొగోళ్ళు, కుడిచేతులు వదల్లేదు. ఒత్తిడి మెల్లగా దించి తలుపు తీసేసరికి బేరం కుదిరింది. డాక్టరు తిట్టిన తిట్లకు లెక్కలేదు. టవాలు కింద ముందు చెయ్యి దూర్చింది తనేనని సాహెబు నవ్వుతూనే ఉన్నాడు.

ట్రీట్‌మెంటు అంతా అయ్యాక మళ్ళీ చెవుల పరీక్ష చేశారు. కాగితం మీద వినికిడి గీత ఎక్కడుందో అక్కడే ఉంది. కీచురాయీ అక్కడే ఉంది. బస్సులో నాకు ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి కండ్లు తుడుచుకున్నాను.

ఆయన టవాలు నా చేతి మీద వేశాడు. కింద నా వేళ్ళు పట్టుకున్నాడు. ఇన్నేండ్ల కాపురంలో నాకు ఆ వేళ్ళ భాష రాదు.

"ఏమి అడుగుతాండావు?" అని అరిచాను. బస్సంతా చూసింది.

"ఆలూరు సంతకు నువ్వూ రా. వాళ్ళు చెప్పేది నువ్వు ఇను. బేరం నేను చేస్తా."

"ఆడదాన్ని సంతకు తోలుకపోతావా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీలే. నాకు ఇనపడదు కదా."

చెయ్యి లాక్కోబోయాను. బేరం కుదిరేదాకా తీయకూడదని గుర్తొచ్చింది. పత్తికొండ వచ్చేదాకా తీయలేదు.