తలకిందుల త్రిభుజం

తొమ్మిదో తరగతిలో ఆ అమ్మాయిని అందరూ పులి అనేవారు. లెక్కల పులి. దర్జీ పని చేసే వాళ్ల నాన్న ఇంకో మెట్టు పైకెక్కి, కొలతలు తీసుకుంటున్నంతసేపూ కూతురి మార్కులు వినిపించేవాడు. మెడ చుట్టూ టేపు ఉన్న మనిషి పారిపోలేడు కదా, విని తీరాల్సిందే.

పులికి లెక్కలు రావు. ఈ సంగతి పులికి ఒక్కదానికే తెలుసు. పుస్తకంలోని ప్రతి లెక్కనూ ప్రతి సిద్ధాంతాన్నీ కామాలతో సహా బట్టీ పట్టేది. పరీక్షలు పుస్తకం దాటి బయట అడుగు పెట్టేవి కావు కాబట్టి ఇన్నాళ్లూ బండి నడిచిపోయింది. మిగతా ఆడపిల్లలు ఇంకా సుఖపడ్డారు. పులి బోర్డు మీద రాస్తే నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవారు. వాళ్ల దృష్టిలో లెక్కలంటే గట్టెక్కడానికి మింగాల్సిన చేదు మాత్ర. మాత్రలో ఏముందో ఎవరడుగుతారు?

ఇంతలో కొత్త లెక్కల టీచరు వచ్చింది. గొంతు పెంచని మనిషి. పులికి అదే మరీ భయం. తిట్టేవాళ్లయితే తిట్లు అయిపోయేదాకా తల వంచుకుని గడిపేయొచ్చు. ఈవిడ "ఎందుకు?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగుతుంది.

ఆ రోజు టీచరు బోర్డు మీద ఒక త్రిభుజం గీసింది. మొన కిందికి, వెడల్పు పైకి. మూలలకు కే, ఎల్, ఎమ్ అని పేర్లు పెట్టింది.

"మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై డిగ్రీలే ఎందుకవుతాయో ఎవరు చూపిస్తారు?"

"పులి ఉందిగా టీచర్!" అని అరిచింది పక్కనున్న డబ్బా. నోటికి మూత ఉండదు గనక ఆ పిల్లకా పేరు.

పులి చాక్‌పీసు అందుకుని బొమ్మ వైపు చూసింది. పుస్తకంలో మొన పైన ఉంటుంది, దాని పేరు ఏ. ఈ బొమ్మలో ఏ లేదు. పైన ఒక మూలకు బదులు రెండున్నాయి. దొరికిపోయాను అనుకుంది. సాయంత్రానికి కబురు నాన్న దుకాణానికి చేరుతుంది. రేపటి నుంచి ఆయన కొలతలు తీస్తూ ఏం మాట్లాడతాడు?

వెనక్కి తిరిగి చూసింది. అందరూ పెన్నులు పట్టుకుని కాచుకున్నారు. ఇక ఆలోచించే ధైర్యం లేక, చేతికి వచ్చిందే రాసేసింది. "ఏబీసీ ఒక త్రిభుజం. ఏ గుండా బీసీకి సమాంతరంగా ఒక రేఖ గీయాలి." అలా చివరిదాకా. బొమ్మ మీద మాత్రం ఒక్క గీతా పెట్టలేదు. వెనక పెన్నులు ఆమెతో పాటే పరిగెత్తాయి.

టీచరు బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి పుస్తకంలోకి తొంగి చూసింది. అందరూ తలకిందుల త్రిభుజాన్ని ఉన్నదున్నట్టు దించి, దాని కింద ఏబీసీ కథంతా శుభ్రంగా రాసుకున్నారు.

"బొమ్మలో ఏ ఎక్కడుంది?"

డబ్బా లేచింది.

"టీచర్, మీరే పొరపాటున వేరే అక్షరాలు పెట్టినట్టున్నారు. బొమ్మ కూడా తిరగబడింది. పులి రాసింది కరెక్టే."

"అవును టీచర్!" అంది క్లాసంతా.

టీచరు పులి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నేను తప్పు గీశానా?"

ఒక్క అవునుతో బయటపడిపోవచ్చు. అక్కడున్న వాళ్లంతా తన పక్షమే. కానీ వాళ్ల మొహాలు చూస్తే పులికి ఇందాకటి కంటే ఎక్కువ భయం వేసింది. తను ఊఁ అంటే చాలు, వచ్చి త్రిభుజాన్ని చెరిపేసేలా ఉన్నారు. రేపూ బోర్డు దగ్గరికి తననే పంపుతారు, ఎల్లుండీ తననే.

"లేదు టీచర్, బొమ్మ బాగానే ఉంది. నాకే లెక్కలు రావు."

డబ్బా పకపకా నవ్వింది. ఆ వెంటనే అందరూ నవ్వారు. "దీనికి రావంట! విన్నారా?"

"నిజంగా రావే. ఒట్టు." పులి కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి.

టీచరు నవ్వలేదు. అది చూసి ఒక్కొక్కరే ఆపేశారు. డబ్బా తన నోటుబుక్కు పేజీలు వెనక్కి తిప్పింది, ఇంకా వెనక్కి తిప్పింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"ఒసేయ్," అంది చాలా మెల్లగా, "మేమందరం నిన్ను చూసే కదే రాసుకుంది."