సముద్రం పక్క కూర

తాళింపులో మిరపకాయలు మాడకముందే దాన్ని రసంలోకి వొంపి, చెంగమ్మ గట్టిగా ఒక తుమ్ము తుమ్మింది. ఆ తుమ్మే భోజనాల గంట. హాల్లో ఆడపిల్లలు చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. అది తిరువొత్తియూరులో చూపు లేని పిల్లల హాస్టల్, చేపలవాళ్ల గుడిసెలుండే కుప్పానికీ రైలు పట్టాలకీ మధ్యన ఉంది. పిల్లలందరూ ఉత్తరం గోడకేసి కూర్చుంటారు. కుడిచెవికి సముద్రం వినిపిస్తుంది, ఎడమచెవికి రైలు.

చెంగమ్మ పుట్టింది ఆ కుప్పంలోనే. కుడీ ఎడమా అంటే ఆమెకు ఈ వయసులోనూ తికమకే. పంటినొప్పి ఏ పక్క అని డాక్టరు అడిగినా రైలు పక్క అనే చెప్పింది మహాతల్లి. ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు సుబ్బన్ పోయాక, వాషర్‌మెన్‌పేట్‌లో ఉన్న చెల్లెలు రమ్మంటే పెట్టె సర్దుకుని వెళ్లింది. అలల చప్పుడు లేక నిద్ర పట్టలేదని తెల్లారేసరికి తిరిగొచ్చేసింది. ఊరిపేరు మద్రాసు పోయి చెన్నై అయిందని రేడియోలో చెప్పినా, ఆమెకు అది ఎప్పుడూ పట్నమే, ఆ పట్నంతో ఆమెకు పనీ లేదు. పొయ్యి ఉంది, కడుపునిండా తినే పిల్లలున్నారు. ఇంకేం కావాలి?

పిల్లలకు తినడం నేర్పింది ఆమే. నడిమధ్య అన్నం, సముద్రం పక్క కూర, రైలు పక్క ఊరగాయ. కోడి పొడిచినట్టు పైనుంచి చెయ్యి దించకూడదు. పళ్లెం అంచు పట్టుకుని వేలిని మెల్లగా లోపలికి నడిపించాలి. కలిపేటప్పుడు అన్నాన్ని మధ్యకు లాక్కోవాలి. లోటా ఎత్తిన చోటే దించాలి. ఏం వడ్డించారో తెలియకపోతే అడగాలి, అడిగితే నోటి ముత్యాలేం రాలిపోవు. అందరూ నేర్చుకున్నారుగానీ కలైసెల్వి చిన్నప్పుడు ఎంత చెప్పినా ఊరగాయలోనే చెయ్యి పెట్టేది. విసిగిపోయి చెంగమ్మ ఆ పిల్ల ఎవర్‌సిల్వర్ స్టీలు పళ్లెం అంచున మేకు పెట్టి కొట్టి ఒక సొట్ట చేసింది. సొట్ట ఉన్న వైపు సముద్రం. ఆ తర్వాత కలై చెయ్యి తప్పలేదు.

ఆ కలై ఇప్పుడు పళ్లెం ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది. సౌకార్‌పేటలో ఒక సేటు బట్టల కొట్టులో ఫోను ఎత్తే ఉద్యోగం వచ్చింది. సాయంత్రం రైలుకి వెళ్లి అక్కడే ఆడవాళ్ల హాస్టల్లో చేరాలి. రేప్పొద్దున రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. నిన్న వార్డెన్ లూర్దుమేరి తీసుకెళ్లి కొట్టంతా పరిచయం చేసి తెచ్చింది. వచ్చిందగ్గర్నుంచీ పిల్ల పోనంటే పోనని భీష్మించుకుంది. ఎందుకో వార్డెనమ్మకు చెప్పదు. చెంగమ్మ రసం గరిటెతోనే వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏం మే, ఆడ ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"ఏం అన్లా అవ్వా. బల్ల మీద అందరితో అన్నం పెట్టినారు. సముద్రం ఎటక్కా అని పక్కనుండే శ్రీప్రియక్కను అడిగినా. హార్బర్ నీ ఎడంచేతి పక్క అనింది. కూర ఆడుంటాదని చెయ్యి చాపితే, వేడి పప్పు గిన్నె ఆయక్క చీర మీద పడిపోయె. అందరూ మాట్లాడేది ఆపేసినారు. నేను ఈడే ఉంటా."

చెంగమ్మకు ముందు నవ్వొచ్చింది. సౌకార్‌పేట సందులో అన్నం ముందు కూర్చుని సముద్రం ఎటని అడిగితే ఆ శ్రీప్రియ మాత్రం ఏం చేస్తుంది పాపం, ఉన్న సముద్రాన్నే చెప్పింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తప్పు పిల్లది కాదు. తను నేర్పింది ఈ హాలు గడప దాటితే పనికిరాదని ఇన్నేళ్లూ తట్టనేలేదు. ఈడే ఉంటా అన్న మాట ఆమెకు తియ్యగానే ఉంది, ఉండిపోతే బాగుండుననీ అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే మండుకొచ్చింది.

లేచి, కలై భుజాలు పట్టుకుని దక్షిణానికి తిప్పి కూర్చోబెట్టింది. సొట్ట పళ్లెం తీసేసి మామూలు పళ్లెం పెట్టింది.

"సముద్రం ఎటుండాది?"

కలై ఎడంచెయ్యి ఎత్తింది.

"అది చేపలకి," అంది చెంగమ్మ. "నీది వేరే. నువ్వు ముద్ద కలిపే చెయ్యి ఉండాదే, ఆ పక్కే నీ సముద్రం. నువ్వు యాడికి పోతే ఆడికి నీతోనే వస్తాది."

చెవి ఒకటి చెప్తోంది, అవ్వ ఇంకొకటి చెప్తోంది. కలై చెయ్యి మళ్లీ ఊరగాయలోనే పడింది. పక్కపిల్లలు విని కిసుక్కుమన్నారు. తర్వాత తామూ తిరుగుతామని ఒకతి తలుపుకేసి, ఒకతి వంటింటికేసి తిరిగి కూర్చున్నారు. చాపల మీద రసం ఏరులై పారింది. లూర్దుమేరి తొంగిచూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ గోలలోనే కలై వేలు అంచు వెంట నడిచి, ఆగి, ఆలోచించి, కూర దగ్గరికి చేరింది. ఇంకోసారి చేరింది. అన్నమంతా తిన్నాక పెరుగు కూడా అడిగింది.

"పోతాలే అవ్వా," అంది చెయ్యి కడుక్కుంటూ.

సాయంత్రం చెంగమ్మ సొట్ట పళ్లాన్ని పాత పేపర్లో చుట్టి కలై సంచీలో అడుగున పెట్టింది. ఎంతైనా అలవాటైన పళ్లెం కదా. రాత్రికి ఉప్మా చెయ్యాలి గనక స్టేషన్‌కి వెళ్లలేదు. హాల్లో ఏదో మరిచానని కలై ఒకసారి వెనక్కి వెళ్లొచ్చింది, తర్వాత వార్డెనమ్మ చెయ్యి పట్టుకుని గేటు దాటింది. కాసేపటికి రైలు కూత వినిపించింది. చెంగమ్మకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఉప్మా అడుగంటకుండా కలుపుతూనే ఏడ్చింది. అయినా కడుపు చల్లగానే ఉంది.

తర్వాత పళ్లేలు పరచడానికి హాల్లోకి వెళ్లింది. కలై కూర్చునే చోట వంగి, అక్కడున్న పళ్లేన్ని అలవాటుగా సముద్రం పక్కకు తిప్పిపెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మడిచిన పేపరు మీద, తను సంచీలో పెట్టిన ఎవర్‌సిల్వర్ పళ్లెమే ఉంది, సొట్ట రైలు పక్కకు, దక్షిణానికి కూర్చున్న కలై ముద్ద కలిపిన చేతి పక్కకు తిరిగి.