ఒళ్ళో రేపటి వడగళ్ళు

సాన్ బెనితో ఊళ్ళో ఏటా పీచు పళ్ళు ఎరుపెక్కే రోజుల్లో ఒక ఆదివారం, బడి హాల్లో పాత కంప్యూటర్లకి మళ్ళీ ప్రాణం పోస్తారు. ఎవరి డబ్బా వాళ్ళు చంకనేసుకుని వస్తే, దోన్ ఎవరిస్తో అనే పెద్దాయన ఊరికే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి పంపుతాడు.

ఆ ఏడు సెనోబియా వచ్చింది. పొద్దున్నే ఊరి రేడియోలో కెచువా భాషలో కబుర్లు చెప్పే అమ్మాయి. ఆమె గొంతు వింటే కాఫీలో చక్కెర అక్కర్లేదనేవాళ్ళు. చూపు మసకబారి మసకబారి, ఇప్పుడు ఆమెకి వెలుతురు తప్ప ఇంకేం కనపడదు. జనం పంపే కబుర్లు చదవలేకపోతోంది.

"సోమవారం నువ్వే చదివితే సరేసరి, లేదంటే నీ కుర్చీలో నా మేనకోడలు కూర్చుంటుంది" అనేసింది రేడియో యజమానురాలు దోన్యా ఎర్మీనియా.

"కెచువా చదివి వినిపించేది పెట్టండి" అంది సెనోబియా.

ఎవరిస్తో తల గోక్కున్నాడు. "అది ఇంకా తయారీలో ఉన్న సిస్టమ్‌లోనే ఉంది తల్లీ. కొత్తవాళ్ళకి తయారీ పూర్తయి కుదురైనదే పెట్టాలి. ఇది ఇవాళ పాడుతుంది, రేపు మూగబోతుంది. పైగా తడి!"

తడి సంగతి అందరికీ తెలిసిందే. తయారీలో ఉన్నది రేపటిది. అందుకని అది నడిచే కంప్యూటర్ చుట్టూ రేపటి వాతావరణమే ఉంటుంది. ఎవరిస్తో బల్ల కింద ఎప్పుడూ బేసిన్ ఉంటుంది. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చొక్కా పిండుకుంటాడు.

"మీరెలా నేర్చుకున్నారు?"

"చెడగొట్టుకుని."

"మరి నన్నూ చెడగొట్టుకోనివ్వండి!"

హాలంతా ఘొల్లుమంది. ఎవరిస్తో మాత్రం నవ్వకుండా ఆ తయారీలో ఉన్నదే ఎక్కించాడు. "కొత్త మార్పులు తీసుకోనా అని పొద్దున్నే అడుగుతుంది. కార్యక్రమం అయ్యేదాకా వద్దని చెప్పు."

సోమవారం పొద్దున్న కంప్యూటర్ కెచువాలో, అచ్చం వాళ్ళమ్మమ్మలా, మెల్లగా అడిగింది. అంత ముద్దుగా అడిగితే కాదనడం సెనోబియాకి చేతకాదు. సరేనంది.

రెండు కబుర్లు చదివి కంప్యూటర్ మూగబోయింది. తలుపవతల మేనకోడలు కుర్చీలోంచి లేచిన చప్పుడు. సెనోబియా మీటలన్నీ తడిమి నొక్కింది.

అప్పుడు ఒళ్ళో ఏదో టపటపా రాలింది. అరచెయ్యి చాపింది. చల్లగా, గట్టిగా, వేరుశనగ గింజలంత. కిటికీలోంచి ఎండ చెంపకి వెచ్చగానే తగులుతోంది.

ఆమె మైకు దగ్గరకి జరిగింది.

"నా ఒళ్ళో రేపటి వడగళ్ళు పడుతున్నాయి. చెట్ల మీద వలలు కప్పండి. పండిన కాయలు ఇవాళే కోసెయ్యండి."

ఎందుకని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి తోటలన్నీ పెళ్ళికూతుళ్ళలా తెల్లటి ముసుగులు వేసుకున్నాయి. మర్నాడు వడగళ్ళు వచ్చి, వలల మీద ఆడుకుని, వెళ్ళిపోయాయి. పళ్ళు పళ్ళలాగే ఉన్నాయి.

ఎర్మీనియా మేనకోడల్ని ఇంటికి పంపేసి, మైకు ముందున్న కుర్చీ మీద ఒక పొడి తువ్వాలు పెట్టింది. సెనోబియా కోసం.

కంప్యూటర్ బాగుచెయ్యడానికి వచ్చిన ఎవరిస్తో రుసరుసలాడాడు. "వద్దని చెప్పమన్నానుగా!"

"అదెంత ముద్దుగా అడిగిందో మీరు వినలేదు, దోన్ ఎవరిస్తో."

"ఇన్నేళ్ళూ నేను చొక్కా పిండుకున్నానే గానీ, రేపు వానని ఒక్కరికీ చెప్పలేదు" అన్నాడాయన, ఆమె అరచేతి వంక చూస్తూ.

ఇప్పుడు బడి హాల్లో ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి, కుదురైనది పెట్టించుకోవాలా, తయారీలో ఉన్నదా అనడిగితే, ఎవరిస్తో వాళ్ళని ఎగాదిగా చూసి ఒకటే అడుగుతాడు.

"గొడుగుందా?"